సైకిలు చట్రం మీ దేహానికి కుదిరిందా?

వైద్యుడు సైకిలు ఫ్రేమును గురించి వ్రాయడమేమిటని పాఠకులకు సందేహం కలగవచ్చు. కలగడం సహజమే. కానీ మోకాళ్ల నొప్పికి, నడుము పట్టుకు, అరచేతుల తిమ్మిరికి తైలం అడుగుతూ వచ్చేవారిలో ఇటీవలి సంవత్సరాలలో ఒక కొత్త వర్గం కనిపిస్తున్నది. వారు వృద్ధులు కారు, సోమరులూ కారు. మధుమేహానికో రక్తపోటుకో జడిసి, నలభై యాభై ఏళ్ల వయసులో ఆరోగ్యం కోసమే వేలకు వేలు పోసి సైకిలు కొనుక్కున్నవారు. మూడు నెలలు తొక్కారు, నొప్పులు వచ్చాయి, సైకిలు మెట్ల క్రింద చేరింది. "మా ఒంటికి సైకిలు పడలేదండీ" అని చెప్పి ఊరుకుంటున్నారు.

ఒంటికి పడనిది సైకిలు కాదు, ఆ సైకిలు చట్రం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇంతే. చట్రాన్ని ముందు మన శరీరపు కొలతకు, పిమ్మట మనం నిజంగా తొక్కే తీరుకు సరిచూసుకోవాలి. లోహం పేరు, కంపెనీ పేరు, రంగు అటు తర్వాతి మాటలు. మనవారు సరిగ్గా దీనిని తలక్రిందులు చేస్తున్నారు.

సుశ్రుతాచార్యులు చికిత్సకు సంక్షేప రూపంగా నిదాన పరివర్జనాన్ని, అనగా రోగకారణాన్ని తొలగించడాన్ని, నిర్దేశించారు. చట్రం పొడవు ఎక్కువై, చేతులు చాచి, మెడ ఎత్తి రోజూ గంటసేపు తొక్కేవానికి మహానారాయణ తైలం ఎంత మర్దన చేసినా ఉపశమనం సాయంత్రం వరకే. మరునాటి ఉదయం కారణం మళ్లీ మొదలవుతుంది. నిమిషానికి 75 చుట్ల చొప్పున తొక్కితే గంటలో ఒక్కొక్క మోకాలు 4,500 సార్లు ముడుచుకొని తెరుచుకుంటుంది. ఆ కదలికలో అణుమాత్రం దోషమున్నా అది అన్ని వేల సార్లు గుణింపబడుతుంది. సుశ్రుత సంహిత శారీర స్థానంలో చెప్పిన 107 మర్మాలలో మణికట్టు వద్దనున్న మణిబంధాన్ని రుజాకరమనీ, మోకాలి వద్దనున్న జానువును వైకల్యకరమనీ వర్గీకరించారు. మొదటిది దెబ్బతింటే తీవ్రమైన బాధ, రెండవది దెబ్బతింటే అవిటితనం. సైకిలుపై మన భారాన్ని మోసేవీ, శ్రమపడేవీ ముఖ్యంగా ఈ కీళ్లే.

ఎవరి కొలత వారిదే

చరక సంహిత విమాన స్థానం 8వ అధ్యాయంలో రోగిని పరీక్షించవలసిన పది విషయాలు ఉన్నాయి. ప్రకృతి, వికృతి, సారం, సంహననం, ప్రమాణం, సాత్మ్యం, సత్వం, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు అనేవి ఆ పది. వీటిలో ప్రమాణమంటే దేహపు కొలత. మనిషి ఎత్తును చరకుడు 84 అంగుళాలన్నాడు, సుశ్రుతుడు 120 అన్నాడు. లెక్కించిన తీరు వేరైనా ఇద్దరూ అంగీకరించిన విషయం ఒకటుంది. ఆ అంగుళం బజారులో దొరికే కొలబద్దది కాదు, ఎవరి వేలి వెడల్పు వారికే కొలమానం. దేహంలోని అవయవాల పరస్పర నిష్పత్తే ముఖ్యమని దీని భావం.

సైకిలు దుకాణాలలో ఎత్తును బట్టి వ్రాసి ఉంచే పట్టిక ఈ నిష్పత్తిని విస్మరిస్తుంది. ఐదడుగుల ఆరంగుళాల ఎత్తున్న ఇద్దరిని ప్రక్క ప్రక్కన కూర్చోబెట్టండి. ఒకరి తల పైకి కనిపిస్తుంది. అతనికి మొండెం పొడవు, కాళ్లు పొట్టి. రెండవవాని కాళ్లు పొడవు, మొండెం పొట్టి. పట్టిక ప్రకారం ఇద్దరికీ ఒకే చట్రం ఇస్తే ఒకరికి సీటు ఇబ్బంది, మరొకరికి హ్యాండిల్ అందదు.

కనుక దుకాణానికి వెళ్లేముందు ఇంట్లోనే ఒక కొలత తీసుకోండి. చెప్పులు లేకుండా గోడకు ఆనుకొని, పాదాల మధ్య జానెడు ఎడం ఉంచి నిలబడండి. ఒక లావుపాటి పుస్తకాన్ని తొడల నడుమ పైకి, సీటుపై కూర్చున్నంత ఒత్తిడి తెలిసేవరకు జరపండి. పుస్తకపు పై అంచు నుండి నేలవరకు ఇంట్లో మరొకరిచేత కొలిపించండి. ఇది కాలి లోపలి పొడవు. ఈ పొడవును 0.883తో గుణిస్తే పెడళ్ల ఇరుసు మధ్య నుండి సీటు పైభాగం వరకు ఉండవలసిన ఎత్తు ఉజ్జాయింపుగా వస్తుంది. 1986, 1989, 1990లలో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన అమెరికన్ క్రీడాకారుడు గ్రెగ్ లెమాండ్ వల్ల ఈ లెక్క ప్రసిద్ధమైంది. అదే పొడవును 0.65తో గుణిస్తే, పై గొట్టం నేలకు సమాంతరంగా ఉండే రోడ్డు సైకిలుకు నిలువు గొట్టం ఎంత ఉండాలో తెలుస్తుంది. ఉదాహరణకు కాలి లోపలి పొడవు 80 సెంటీమీటర్లనుకోండి. సీటు ఎత్తు దాదాపు 70 సెంటీమీటర్లకు పైన, చట్రం 52 సెంటీమీటర్లు. ఇట్టివానికి ఆ తరహా సైకిలులో 22 అంగుళాల చట్రం, అనగా 56 సెంటీమీటర్లది, అంటగడితే పొరపాటే.

ఇవి ఆరంభానికి పనికివచ్చే అంకెలు మాత్రమే. పై గొట్టం వెనుకకు వాలి ఉండే నేటి చట్రాలలో నిలువు గొట్టం కొలత పెద్దగా ఏమీ చెప్పదు. అసలు చూడవలసినవి రెండు. పెడళ్ల ఇరుసుకు హ్యాండిల్ గొట్టం ఎంత ముందుకు ఉన్నది, ఎంత పైకి ఉన్నది. సీటు ఎత్తును ఎప్పుడైనా మార్చవచ్చు. సీటును ముందుకూ వెనుకకూ కొద్దిగా జరపవచ్చు. కానీ పొట్టిదైన ముందు గొట్టాన్ని పొడుగు చేయలేము, పొడుగైన చట్రాన్ని కుదించలేము. కొనేరోజున కళ్లు పెట్టవలసింది మార్చలేని వాటిపైననే.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. "పెరుగుతాడు కదా" అని రెండేళ్ల తర్వాత సరిపోయే చొక్కా కొనవచ్చు, సైకిలు కొనకూడదు. పిల్లవాడు రెండేళ్లపాటు కాలి వ్రేళ్ల కొసలతో పెడలు అందుకుంటూ, నడుమును ఇటూ అటూ ఊపుతూ తొక్కితే, ఆ వంకర నడక వానికి అలవాటైపోతుంది. చట్రానికి రెండు వైపులా కాళ్లు పెట్టి నేలపై నిలబడినప్పుడు పై గొట్టానికీ శరీరానికీ మధ్య కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. చట్టున బ్రేకు వేసి దిగవలసి వచ్చినప్పుడు ఆ ఖాళీయే రక్ష.

మీరు తొక్కేది ఏ తీరు?

రెండవ పరీక్ష వ్యాయామశక్తి. వ్యాయామం ఎవరి బలంలో సగం మేరకు వారు చేయాలన్నది మన ఆచార్యుల మతం. నుదుటిపై, ముక్కుపై, కీళ్ల వద్ద చెమట పట్టి, నోటితో శ్వాస తీయవలసి వస్తే అర్ధశక్తి పూర్తయినట్లు. హేమంత, శిశిర, వసంత ఋతువులలో ఈ మోతాదు తగును. గ్రీష్మ, వర్ష ఋతువులలో ఇంకా తగ్గించుకోవాలి. ఈ దృష్టితో చూస్తే సైకిలు తొక్కేవారు నాలుగు తరగతులుగా కనిపిస్తారు.

పాలకూ కూరగాయలకూ, బడికీ గుడికీ అయిదు కిలోమీటర్ల లోపు తిరిగేవారు మొదటి తరగతి. వీరికి మన తాతలనాటి నల్ల సైకిలు చట్రాన్ని మించినది లేదు. దాని గొట్టాలు వెనుకకు బాగా వాలి ఉంటాయి, చక్రాల మధ్య దూరం ఎక్కువ, హ్యాండిల్ ఎత్తు. నడుము నిటారుగా నిలుస్తుంది, గతుకు కూడా నెమ్మదిగా తెలుస్తుంది. బరువు ఇరవై కిలోల చుట్టూ ఉన్నా బల్లపరుపు ఊళ్లలో అది పెద్ద దోషం కాదు. 1949లో మదరాసులో మొదలైన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ వారి హెర్క్యులిస్, 1956లో లూధియానాలో మొదలైన హీరో మన ఇళ్లలో తరతరాలు నిలిచింది ఈ చట్రం బలంతోనే. చీర కట్టే స్త్రీలకు, మోకాలు బిగిసిన పెద్దలకు పై గొట్టం లేని చట్రం మేలు. అది "ఆడవారి సైకిలు" అని పురుషులు సిగ్గుపడనక్కరలేదు. కాలు ఎత్తలేక క్రిందపడి తుంటి విరగ్గొట్టుకోవడంలో పౌరుషమేమున్నది?

ఉదయం పూట వ్యాయామం కోసం పదిహేను నుండి ముప్ఫై కిలోమీటర్లు తారురోడ్డుపై తొక్కేవారు రెండవ తరగతి. హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిలు బాట వంటి చోట్ల కనిపించేవారిలో వీరెక్కువ. వీరికి తేలిక ఉక్కు రోడ్డు సైకిలు అనుకూలమే. అయితే హ్యాండిల్ సీటుతో సమానమైన ఎత్తుకు రాగల పొడవైన ముందు గొట్టం ఉండాలి. 32 మిల్లీమీటర్ల టైరు పట్టే ఎడం, మడ్‌గార్డు బిగించే రంధ్రాలు ఉండాలి. ఈ పత్రిక చదివే గృహస్థులలో సైకిలు కొనదలచినవారు అధికభాగం ఈ తరగతికి చెందుతారని నా అభిప్రాయం.

మూడవ తరగతి దూరప్రయాణీకులు. నిర్ణీత కాలంలో 200, 300, 400, 600 కిలోమీటర్లు పూర్తిచేసే బ్రెవే యాత్రలు మన నగరాలలోనూ జరుగుతున్నాయి. 200 కిలోమీటర్లకు గడువు పదమూడున్నర గంటలు. అన్ని గంటలు కూర్చునేవానికి వేగంకన్న నిలకడ ముఖ్యం. చేయి వదిలినా తిన్నగా సాగే చట్రం, సంచులు తగిలించే ఏర్పాటు, మడమ సంచికి తగలకుండా వెనుక చక్రానికీ పెడళ్ల ఇరుసుకూ మధ్య 43 నుండి 45 సెంటీమీటర్ల నిడివి వీరికి కావాలి.

నాల్గవ తరగతి పందెగాళ్లు. నిటారు గొట్టాలు, పొట్టి వెనుక భాగం, పల్లపు హ్యాండిల్, సన్నని టైరు వీరికి చెందినవి. శిక్షణ పొందిన యువకునికి అది ఆయుధమే. పొట్ట ముందుకు వచ్చిన యాభై ఏళ్ల గుమాస్తాకు అదే ఆసనం శిక్ష. అతడు ముందుకు వంగినకొద్దీ తొడలు పొట్టను ఒత్తుతాయి, శ్వాస కురచబడుతుంది, భారమంతా మణికట్లపై పడుతుంది. దుర్దృష్టమేమంటే రెండవ తరగతివారు నాల్గవ తరగతి చట్రాన్ని చూసి మోజుపడుతున్నారు. రేపు ఎలా తొక్కుతామో ఊహించి కొనకండి, ఈ ఏడాది ఎలా తొక్కబోతున్నారో చూసి కొనండి.

ఉక్కు గుణమెంత, దాని పేరెంత?

ఉక్కు చట్రాన్నే నేను ఎందుకు సమర్థిస్తున్నానో చెప్పాలి. వంగితే నేర్పరి చక్కదిద్దగలడు, గొట్టం విరిగితే తీసి వేరొకటి అతికించగలడు. కొత్త పరికరాలతో అది మరో ఇరవై ఏళ్లు నడుస్తుంది. మధ్యతరగతి ఇంటికి ఇది చిన్న సుగుణం కాదు. కార్బన్ చట్రంకన్న మంచి ఉక్కు చట్రం కిలో అటూ ఇటూగా బరువుంటుంది, నిజమే. ఆ కిలో మేదస్సును నడుము నుండి తగ్గించుకోవడానికే కదా మనం సైకిలెక్కుతున్నది!

ఉక్కు పేర్లను గురించి మాత్రం భ్రమలున్నాయి. ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో రేనాల్డ్స్ వారు 1897లో, చివరలు మందంగా, నడుమ పలుచగా ఉండే గొట్టానికి పేటెంటు పొందారు. అతుకు పడే చోట బలం, అక్కరలేని చోట తేలిక అన్నది దాని రహస్యం. 1935లో వారు తెచ్చిన 531 రకం మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఉక్కు. నేడు విరివిగా దొరికే 4130 రకంలో క్రోమియం, మాలిబ్డినం ఉంటాయి. దీనినే క్రోమోలీ అంటారు. ఇవన్నీ ఉత్తమమైనవే. కానీ ఒక విషయం గమనించండి. మామూలు ఉక్కైనా, మేలిరకం ఉక్కైనా ఒకే కొలత గొట్టం ఒకే బరువుకు దాదాపు ఒకే విధంగా వంగుతుంది. మేలిరకం ఉక్కు ఎక్కువ భారానికి గాని శాశ్వతంగా వంగిపోదు, విరగదు. అందువల్ల దాని గొట్టాన్ని ఇంకా పలుచగా, చివరలు 0.8, నడుమ 0.5 మిల్లీమీటర్ల మందంగా చేయగలుగుతారు. తేలికదనం, కొద్దిపాటి సాగుడుగుణం ఆ పలుచదనం వల్ల వచ్చినవే. ఎనభై ఐదు కిలోల మనిషి సామానుతో తొక్కాలంటే అన్నిటికన్న పలుచని గొట్టం అతనికి తగదు.

"ఉక్కు మెత్తగా ఉంటుంది, గతుకులను మింగేస్తుంది" అన్నమాట కూడా కొంత అతిశయమే. గతుకును మింగేది ప్రధానంగా టైరులోని గాలి. వెడల్పు టైరు పట్టని ఖరీదైన చట్రంకన్న, వెడల్పు టైరు పట్టే సామాన్యపు చట్రం మన వీధులలో నడుముకు హితం.

"వాతప్రకృతివారికి ఏ ఫ్రేము, కఫప్రకృతివారికి ఏ ఫ్రేము?" అని అడిగేవారు ఉన్నారు. అట్టి జాబితా వ్రాయడం తేలిక, అమ్ముకోవడం మరీ తేలిక. కానీ అందులో సత్యం లేదు. ఎంత తొక్కాలి, ఏ ఋతువులో తొక్కాలి, తర్వాత ఏమి తినాలి అన్నవాటిని ప్రకృతిని బట్టి నిర్ణయించవచ్చు. చట్రాన్ని నిర్ణయించేది ప్రమాణమే. ఆయుర్వేదం పేరును దానికి సంబంధం లేని చోట అతికించడం శాస్త్రానికి చేసే మేలు కాదు.

దేహం చెప్పే సాక్ష్యం

సైకిలు ఇప్పటికే ఇంట్లో ఉన్నవారు తమ నొప్పిని ఇలా పరిశీలించుకోవచ్చు. మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తే తరచుగా సీటు పల్లంగా ఉన్నట్లు. మోకాలి వెనుక నరం లాగినట్లుంటే సీటు ఎత్తు ఎక్కువైనట్లు. పెడలు అట్టడుగుకు చేరినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలు తిమ్మిరెక్కితే హ్యాండిల్ దూరమో, పల్లమో అయి అరచేతులపై భారం ఎక్కువవుతున్నట్లు. మెడ వెనుక నొప్పికీ అదే కారణం కావచ్చు. మర్మాంగాల వద్ద తిమ్మిరి కనిపిస్తే తొక్కడం వెంటనే ఆపి, సీటు ముక్కు పైకి లేచి ఉన్నదేమో, సీటు మరీ ఎత్తుగా ఉన్నదేమో చూడాలి. అది తగ్గకపోతే ఉపేక్షించక వైద్యుని కలవాలి. సీటును ఒక్కసారిగా కాక అయిదు మిల్లీమీటర్ల చొప్పున మార్చి, వారం తొక్కి చూడండి. ఇవన్నీ సరిచేసినా హ్యాండిల్ అందక చేతులు చాచవలసి వస్తూంటే చట్రమే పెద్దదని గ్రహించాలి. దానిని సరిపోయే వారికి ఇచ్చివేయడమే నష్టం తక్కువ.

కారణాన్ని తొలగించిన తర్వాత తైలానికి తన పని తాను చేసే అవకాశం దొరుకుతుంది. తొక్కడానికి ముందురోజు రాత్రి గోరువెచ్చని నువ్వులనూనెతో మోకాళ్లకు, నడుముకు, మణికట్లకు మృదువుగా మర్దన చేసి, వేడినీటి కాపడం పెట్టుకుంటే చాలు. వాపు, ఎరుపు, వేడి ఉన్న కీలుకు మాత్రం మర్దన, కాపడం కూడదు. హృద్రోగం, తల తిరుగుడు, ఆంత్రవృద్ధి, అర్శస్సు, పౌరుషగ్రంథి వాపు ఉన్నవారు వైద్యుని అడిగి గాని సైకిలెక్కరాదు.

చట్రానికీ ఒక తైలచికిత్స ఉన్నది. ఉక్కుకు శత్రువు తుప్పు. అది బయటకన్న గొట్టాల లోపల ఎక్కువగా తింటుంది. విశాఖపట్టణం, కాకినాడ, మచిలీపట్నం వంటి ఉప్పుగాలి ఊళ్లలో మరీ అధికం. సీటు గొట్టం తీసినప్పుడు లోపల ఉడికించిన అవిసెనూనె కొద్దిగా పోయించి, చట్రాన్ని అన్ని వైపులకూ వంచి, మిగిలినది కార్చివేయించండి. నువ్వులనూనె, కొబ్బరినూనె దీనికి పనికిరావు, అవి ఆరవు. అవిసెనూనె గాలికి ఆరి పొరకడుతుంది. అయితే అవిసెనూనె అంటిన గుడ్డలను ముద్దగా పడవేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదమున్నది. నీటిలో తడిపి, ఆరుబయట పరచి ఆరనివ్వాలి.

దుకాణానికి వెళ్లేనాడు ఒక కాగితంపై మూడు మాటలు వ్రాసుకొని వెళ్లండి. మీ కాలి లోపలి పొడవు, వారానికి మీరు తొక్కబోయే దూరం, మీతోపాటు మోయవలసిన బరువు. సైకిలుపై పావుగంట తొక్కిచూడనివ్వమని అడగండి. మోచేతులు కొద్దిగా వంగి ఉండి, భుజాలు సడలి, ప్రక్కవారితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే ఆ చట్రం మీదే. "ఇదే స్టాకున్నది, ఒక నెలలో అలవాటైపోతుంది" అని దుకాణదారుడు అంటే నమస్కరించి మరొక దుకాణానికి వెళ్లండి. శరీరం తప్పుకు అలవాటు పడదు, కొంతకాలం సహిస్తుంది. ఆ సహనం ముగిసిన తర్వాత తైలం కోసం మా వద్దకు రావడంకన్న, ముందే కొలత తీసుకొని కొనడం మేలని నా మనవి.